చమురు బావుల లెక్క అడిగిన అత్తగారు

అత్తగారి జీవితచరిత్రను కోడలు రాసిందంటే మనవాళ్లెవరైనా ముందు నవ్వుతారు. "ఏం రాసి ఉంటుందో మాకు తెలీదా!" అంటారు. నేనూ నవ్వాను. కానీ ఏంజెలా పెన్‌రోజ్ అనే కోడలు 2018లో తన అత్తగారి గురించి వేసిన పుస్తకం పేరు 'నో ఆర్డినరీ ఉమన్'. ఆషామాషీ ఆడది కాదు అని అర్థం చెప్పుకోవచ్చు. అచ్చువేసింది కూడా ఏ చిన్నాచితకా సంస్థో కాదు, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్. ఆ అత్తగారు ఎడిత్ పెన్‌రోజ్. పెద్ద పెద్ద కంపెనీలు ఎలా పెరుగుతాయో, దేశాల సరిహద్దులు దాటి ఎలా వ్యాపారం చేస్తాయో, అన్నిటికీ మించి చమురు ధర ఎవరు పెడతారో, ఎందుకు పెడతారో జీవితమంతా తవ్విన ప్రొఫెసర్.

డిగ్రీలో నేను ఎకనామిక్సే చదివాను. ఆడం స్మిత్, మార్షల్, కీన్స్ - అందరూ మగవాళ్లే. జోన్ రాబిన్సన్ పేరు ఎక్కడో ఒక పేరాలో వచ్చిపోయేది. ఎడిత్ పెన్‌రోజ్ పేరు మాత్రం ఏ పాఠంలోనూ లేదు. గ్యాస్ బండ ధర పెరిగినప్పుడల్లా వంటింట్లో సణుక్కునే మనకి, ఆ ధర వెనకాల ఉన్న కిటుకును అరవై ఏళ్లకు పైనే అయింది ఒక ఆడమనిషి విడమరిచి చెప్పి అంటే తెలుసుకోవాలనిపించదూ?

ఎడిత్ టిల్టన్ 1914 నవంబర్ 15న అమెరికాలో, లాస్ ఏంజెలిస్‌లో పుట్టింది. తండ్రి రోడ్లు వేయించే ఇంజనీరు. ఎక్కడ రోడ్డు పడుతుంటే అక్కడే మకాం. ఆవిడ బాల్యం చాలావరకు అలాంటి రోడ్డు పనుల క్యాంపుల్లోనే గడిచిపోయింది. తర్వాత బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎకనామిక్స్ చదివి 1936లో డిగ్రీ పుచ్చుకుంది. డేవిడ్ డెన్‌హార్ట్ అనే యువకుడితో పెళ్లయింది. 1938లో అతను వేటకి వెళ్లి ప్రమాదంలో చనిపోయాడు. ఆవిడకి పాతికేళ్లు నిండలేదు. ఒడిలో మిగిలింది ఓ పసికందు.

కథలు రాసే అలవాటున్నదాన్ని కాబట్టి ఇక్కడ నా చెయ్యి కాసేపు ఆగిపోతుంది. మన కథల్లో అయితే ఇక్కడ్నుంచి ఆ బిడ్డ కోసమే కొవ్వొత్తిలా కరిగిపోయే తల్లి కథ మొదలవ్వాలి. ఇరుగుపొరుగు మాటలు, పుట్టింటి ఆదరణ, వదినగారి మూతివిరుపులు - సరంజామా అంతా సిద్ధంగా ఉంటుంది. ఎడిత్ జీవితంలో మాత్రం ఇక్కడ్నుంచి మొదలైంది ఉద్యోగం.

బర్క్‌లీలో ఆవిడకి పాఠం చెప్పిన ఎర్నెస్ట్ ఫ్రాన్సిస్ పెన్‌రోజ్ అనే ఆంగ్లేయుడు అప్పటికి జెనీవాలోని అంతర్జాతీయ కార్మిక సంస్థలో చేరాడు. అందరూ ఆయన్ని 'పెన్' అనేవారు. 1939లో ఎడిత్ ఆయన దగ్గర పరిశోధకురాలిగా పని చెయ్యడానికి జెనీవా వెళ్లింది. అదే ఏడాది యుద్ధం. తర్వాత ఆ సంస్థ కెనడాలోని మాంట్రియల్‌కి తరలిపోయింది. అక్కడ్నుంచి 1941లో లండన్. బాంబులు పడుతున్న లండన్‌లో అమెరికా రాయబారి జాన్ వినాంట్ దగ్గర పెన్ ఆర్థిక సలహాదారు, ఎడిత్ సహాయకురాలు. ఆవిడ రాసిన మొదటి పుస్తకం దేని మీదనుకున్నారు? యుద్ధకాలంలో బ్రిటన్ తిండిగింజల్ని ఎలా అదుపులో పెట్టిందన్నదాని మీద. రేషన్ లెక్కలతో మొదలుపెట్టి రాక్‌ఫెల్లర్ వారసుల లెక్కల దాకా వెళ్లిందన్న మాట. యుద్ధం చివరి రోజుల్లో పెన్‌నే పెళ్లి చేసుకుంది. ఆయన ఆవిడకన్నా దాదాపు ఇరవై ఏళ్లు పెద్ద. వాళ్లకి పుట్టిన కొడుకుల్లో ఒకడు పసితనంలోనే పోయాడు. ఆ దుఃఖం మీద నేను రెండు వాక్యాలు అదనంగా రాయగలను గానీ రాయను. అలాంటివి పడ్డవాళ్లకే తెలుస్తాయి.

ముప్ఫై దాటాక, పిల్లల తల్లిగా, ఆవిడ మళ్లీ విద్యార్థిని అయింది. బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో ఫ్రిట్జ్ మాక్లప్ అనే ప్రొఫెసర్ దగ్గర డాక్టరేటుకి ఎంచుకున్న విషయం పేటెంట్లు. ఆ పరిశోధన 1951లో పుస్తకంగా వచ్చింది. బయటి దేశాల వాళ్ల మందులకీ యంత్రాలకీ పేద దేశాలు పేటెంట్ హక్కులిస్తే వాటికి ఒరిగేది పెద్దగా ఉండదని ఆవిడ తేల్చింది. అన్నట్టు ఇక్కడ మనకొక చుట్టరికం ఉంది. మన దేశంలో పేటెంట్ చట్టం ఎలా ఉండాలని 1959లో జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ ఇచ్చిన నివేదికలో ఎడిత్ పెన్‌రోజ్ పుస్తకం ప్రస్తావన కనిపిస్తుంది. ఆ నివేదిక పునాదిగానే 1970 పేటెంట్ల చట్టం వచ్చింది. ఆ చట్టం నీడలోనే హైదరాబాద్ చుట్టూ మందుల ఫ్యాక్టరీలు మొలిచాయి. ఎక్కడి బాల్టిమోర్, ఎక్కడి బాలానగర్!

గ్రైండర్ కథ

ఆ తర్వాత ఆవిడ తలకెత్తుకున్న ప్రశ్న - కంపెనీలు ఎందుకు పెరుగుతాయి? ఎక్కడ ఆగుతాయి? 1954 వేసవిలో హెర్క్యులిస్ పౌడర్ అనే కంపెనీలో కూర్చుని లోపల ఏం జరుగుతుందో దగ్గరగా చూసింది. ఆ కంపెనీ మొదట్లో చేసేది డైనమైట్, తుపాకీమందు. పైన్ చెట్లు కొట్టేశాక మిగిలిన మొద్దుల్ని పేల్చి పెకలించడానికి కూడా ఆ డైనమైట్ వాడేవారు. పెకలించిన ఆ మొద్దుల్లోంచి రోజనం, టర్పెంటైన్ తీయొచ్చు కదా అని కంపెనీ ఆ వ్యాపారంలోకీ దిగింది. ఒకదాన్ని పట్టుకుని ఇంకోటి.

ఇది మనకి కొత్తేమీ కాదు. మా వీధిలో ఒకావిడ ఇంటి అవసరానికి వెట్ గ్రైండర్ కొంది. వాళ్లింట్లో నలుగురికి పిండి రుబ్బాలంటే అరగంట చాలు. మిగతా రోజంతా అది ఖాళీ. ఊరికే ఉంచడం ఎందుకని పక్కింటివాళ్లకి రుబ్బిపెట్టింది. ఆరు నెలలు తిరిగేసరికి వాకిట్లో 'ఇడ్లీ పిండి, దోసె పిండి లభించును' అని బోర్డు. ఎడిత్ చెప్పింది సరిగ్గా ఇదే. కంపెనీ అంటే చేతిలో ఉన్న యంత్రాలు, మనుషులు, వాళ్ల నేర్పు - వీటన్నిటి మూట. అందులో ఎప్పుడూ ఏదో ఒకటి పూర్తిగా వాడుకోకుండా మిగిలిపోతుంది. ఆ మిగులే కంపెనీని ముందుకు తోస్తుంది. మరి ఆపేదేమిటి? డబ్బు కాదంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు పాతవాళ్లతో కలిసి పని చెయ్యడం నేర్చుకోవడానికి పట్టే కాలం. కొత్త కోడలు వచ్చిన వారానికే ఇరవై మందికి వంట పురమాయిస్తే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా? ఏ డబ్బా ఎక్కడుందో, ఎవరికి కారం ఎంతో తెలియడానికే నెలలు పడుతుంది. ఈ సంగతిని పుస్తకంగా రాస్తే 'ద థియరీ ఆఫ్ ది గ్రోత్ ఆఫ్ ద ఫర్మ్' అయింది. 1959లో వచ్చింది. ప్రపంచంలో బిజినెస్ స్కూళ్లన్నిటిలోనూ ఇవాళ దాని పేరు వినిపిస్తుంది.

కానీ ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి ఆవిడ అమెరికాలో లేదు. కారణం వ్యాపారశాస్త్రం కాదు, ఒక స్నేహితుడు. జాన్స్ హాప్‌కిన్స్‌లోనే ఓవెన్ లాటిమోర్ అనే ప్రొఫెసర్ ఉండేవాడు. 1950లో సెనేటర్ మెకార్తీ ఆయన్ని రష్యా గూఢచారి అన్నాడు. ఆ రోజుల్లో అలాంటి ముద్ర పడ్డవాడితో మాట్లాడ్డానికే జనం భయపడేవారు. పెన్‌రోజ్ దంపతులు మాత్రం బహిరంగంగా లాటిమోర్ పక్షాన నిలబడ్డారు. ఆయన మీద కేసులు 1955లో కొట్టుడుపోయాయి. కానీ భార్యాభర్తలిద్దరికీ ఆ దేశం మీద మనసు విరిగింది. ముందు ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రా వెళ్లారు. అక్కడ జనరల్ మోటార్స్ వాళ్ల హోల్డెన్ కార్ల కంపెనీ తక్కువ పెట్టుబడితో వచ్చి, వచ్చిన లాభాల్నే మళ్లీ పెట్టుబడిగా మార్చి ఎంత బలిసిందో చూసి ఆవిడ 1956లో ఒక వ్యాసం రాసింది. బయటి కంపెనీ వచ్చి సంపాదించుకున్నది ఎవరి సొమ్ము, ఎంత పట్టుకెళ్లొచ్చు అన్న చర్చకి అది తొలి అడుగుల్లో ఒకటి. 1957లో ఇద్దరూ బాగ్దాద్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు.

మొగుడి ఉద్యోగం ఎక్కడైతే పెళ్లాం అక్కడ. ఈ మాట మనలో ఎంతమంది ఎన్నిసార్లు విన్నాం! జెనీవా, లండన్, బాల్టిమోర్, కాన్‌బెర్రా, బాగ్దాద్ - ఈ ప్రయాణాల్లో చాలావాటిలో పెన్ ఉద్యోగమే ముందు నడిచింది. ఆ మాట నిజమే. కానీ దిగిన ప్రతిచోటా ఆవిడ సామాన్లు సర్దుకోవడంతో ఆగకుండా ఆ ఊళ్లో తవ్వదగ్గది ఏముందా అని చూసింది. బాగ్దాద్‌లో తవ్వదగ్గది ఏముంటుంది? చమురే.

ధాన్యం అమ్మేదీ తనే, కొనేదీ తనే

ఇరాక్ చమురంతా అప్పుడు ఇరాక్ పెట్రోలియం కంపెనీ చేతిలో ఉండేది. పేరులో తప్ప అందులో ఇరాక్ ఎక్కడా లేదు. బ్రిటిష్ పెట్రోలియం, షెల్, ఒక ఫ్రెంచి కంపెనీ, అమెరికన్ కంపెనీల జోడీ ఒకటి - నలుగురికీ తలా 23.75 శాతం వాటా. మిగిలిన 5 శాతం బేరం కుదిర్చిన గుల్బెంకియన్ అనే వ్యాపారిది. ఆయన్ని 'మిస్టర్ ఫైవ్ పర్సెంట్' అని పిలిచేవారు. ఈ వాటాదారులకి పక్క దేశాల్లోనూ బావులున్నాయి. కాబట్టి ఇరాక్‌లో ఎంత తోడాలి, ఎప్పుడు తోడాలి అన్నది వాళ్ల సౌకర్యం. ఇరాక్ అవసరం కాదు.

1952 నుంచి లాభంలో సగం ఇరాక్‌కి, సగం కంపెనీకి అని ఒప్పందం. వినడానికి ఎంత న్యాయంగా ఉందో కదా! ఎడిత్ అడిగిన ప్రశ్న ఒక్కటే. లాభం అంటే దేని మీద లాభం?

మన పద్ధతిలో చెప్పుకుందాం. ఊళ్లో ఒక ఆసామి తన పొలాన్ని ఒక షావుకారుకి అప్పగించాడు. సాగు ఖర్చు షావుకారుది. ధాన్యం అమ్మగా ఖర్చులు పోను మిగిలిన దాంట్లో చెరిసగం. అయితే రైస్ మిల్లు ఆ షావుకారుదే. ధాన్యం తోలే లారీలు ఆయనవే. పట్నంలో బియ్యం కొట్టూ ఆయనదే. మరి ధాన్యం అమ్మేదెవరు? షావుకారు. కొనేదెవరు? షావుకారు మిల్లు. ధర రాసేదెవరు? ఆయన గుమాస్తా. ఆ ధర ఎక్కువేస్తే ఆసామికి ఎక్కువ, తక్కువేస్తే తక్కువ. బజార్లో నలుగురూ బేరమాడి తేల్చిన ధర కాదది. కాగితం మీది ధర. చమురులో దాన్ని 'పోస్టెడ్ ప్రైస్' అనేవారు. నోటీసు బోర్డు మీద అంటించిన ధర అన్నమాట.

ఇక్కడే ఆవిడ తెలివి నాకు బాగా నచ్చింది. మనం అయితే షావుకారు ధాన్యం ధర తప్పకుండా తక్కువే రాస్తాడు అనుకుంటాం. ఎడిత్ లెక్క ఇంకాస్త లోపలికి పోయింది. కంపెనీలు చాలాకాలం ముడిచమురు ధరని ఎక్కువగానే చూపించి, శుద్ధి చేసే మిల్లులో లాభం పెద్దగా లేనట్టు చూపించేవి. ఎందుకు? ఒకటి, చమురు దేశాలకి కట్టిన పన్నును అమెరికన్ కంపెనీలు సొంత దేశంలో కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. అక్కడ కట్టినా ఇక్కడ కలిసొస్తుంది. రెండోది ఇంకా గడుసుది. ధాన్యం ధర ఎక్కువగా, మరాడిస్తే మిగిలేది తక్కువగా ఉంటే పక్క ఊళ్లో సొంతంగా మిల్లు పెట్టుకున్నవాడు ఎలా బతుకుతాడు? షావుకారుకి మిల్లులో నష్టం వచ్చినా పొలంలో వస్తుంది. పక్క ఊరివాడికి మిల్లు తప్ప ఇంకోటి లేదు. మూసుకుని పోతాడు. అంటే ఆ ధర పోటీకి వచ్చేవాళ్లని గుమ్మం బయటే నిలబెట్టే గొళ్లెం. బాగ్దాద్ రోజుల్లోనే దీని మీద రాసిన ఆవిడ వ్యాసం 1959లో ఇంగ్లండ్‌లోని ఎకనామిక్ జర్నల్‌లో వచ్చింది.

పాఠం చెబుతుండగానే ఊరు అట్టుడికింది. 1958 జులై 14న సైనిక తిరుగుబాటు. యువరాజుతో సహా రాజు రెండో ఫైజల్‌ని చంపేశారు. అబ్దుల్ కరీం కాసిమ్ గద్దెనెక్కాడు. కొంతకాలానికి పెన్‌రోజ్ దంపతుల్నీ దేశం వదిలి పొమ్మన్నారు. విమానం ఎక్కలేదు వాళ్లు. కారులో సిరియా ఎడారి మీదుగా, టర్కీ మీదుగా ఇంగ్లండ్ దాకా వచ్చారు. నలభై అయిదు దగ్గర పడుతున్న ఆవిడ, అరవై దాటిన ఆయన. ఆ కారు ప్రయాణం గురించి తలుచుకుంటేనే నా నడుము నొప్పెడుతుంది. మనం తిరుపతి వెళ్లొచ్చి వారం పడుకుంటాం!

వాళ్లు వెళ్లిపోయిన బాగ్దాద్‌లోనే చమురు చరిత్ర మలుపు తిరిగింది. 1959 ఫిబ్రవరిలో ఒకసారి, 1960 ఆగస్టులో మరోసారి కంపెనీలు బోర్డు మీది ధరని తగ్గించాయి. చమురు దేశాల్ని మాటవరసకైనా అడగలేదు. ధర బ్యారెల్‌కి కొన్ని సెంట్లు తగ్గితే ఆ ప్రభుత్వాల ఏడాది ఆదాయంలోనే గండి. మండిపోయిన ఇరాక్, ఇరాన్, కువైట్, సౌదీ అరేబియా, వెనిజులా 1960 సెప్టెంబర్‌లో బాగ్దాద్‌లో సమావేశమై ఒపెక్ పెట్టాయి. మరుసటి ఏడాది ఇరాక్ 80వ నంబరు చట్టం తెచ్చి, కంపెనీకి ఇచ్చిన భూమిలో 99.5 శాతం వెనక్కి లాక్కుంది. 1972 జూన్ 1న కంపెనీనే జాతీయం చేసేసింది.

ఎడిత్ అప్పటికి లండన్‌లో స్థిరపడింది. 1960లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోనూ, స్కూల్ ఆఫ్ ఓరియెంటల్ అండ్ ఆఫ్రికన్ స్టడీస్‌లోనూ కలిపి రీడర్ ఉద్యోగం వచ్చింది. 1964లో రెండోదాంట్లో ఆసియా దేశాల ఆర్థికశాస్త్రానికి ప్రొఫెసర్ అయింది. అక్కడ ఎకనామిక్స్ విభాగాన్ని నిలబెట్టింది ఆవిడే. బ్రిటన్‌లో మందుల ధరల మీద వేసిన సెయిన్స్‌బరీ కమిటీలోనూ, గుత్తవ్యాపారాల మీది కమిషన్‌లోనూ సభ్యురాలు. 1968లో చమురు కంపెనీల మీద పెద్ద పుస్తకం వచ్చింది. వెనకబడిన దేశాల్లో పెద్ద అంతర్జాతీయ కంపెనీ ఎలా మసలుతుంది అన్నది దాని విషయం.

ఆవిడ కంపెనీల్ని తిట్టిపోసే మనిషి అనుకుంటే పొరపాటు. కంపెనీ ఎలా పెరుగుతుందో అంత ఇష్టంగా రాసిన మనిషికి దాని నేర్పు మీద గౌరవం ఉంటుంది. అంత చమురు తోడి, మోసి, శుద్ధిచేసి, వేళకి అందించడం చిన్న పని కాదని ఒప్పుకునేది. ఆవిడ పట్టుదలంతా ఒకే చోట. ఒకే కంపెనీ తనలో తాను రాసుకున్న ధరని బజారు ధర అని మాకు చెప్పొద్దు అని. ఆ ధరతో ఏ దేశానికి ఎంత పన్ను పోవాలో, ఏ దేశం ఎంత ఎక్కువ కట్టాలో కంపెనీ ఆఫీసులో కూర్చున్నవాళ్లే తేల్చేస్తున్నారు అని.

మన విశాఖపట్నం మాట

ఈ గొడవలో మన గుమ్మం కూడా ఉంది. విశాఖపట్నంలో మల్కాపురం వైపు వెళ్లినవాళ్లకి ఆ చిమ్నీలు, గొట్టాలు తెలిసే ఉంటాయి. 1957లో ఆ రిఫైనరీ మొదలుపెట్టింది కాల్‌టెక్స్. 'ఏడుగురు అక్కచెల్లెళ్లు' అని పేరుపడ్డ ఏడు పెద్ద చమురు కంపెనీల్లో ఇద్దరి ఉమ్మడి సంస్థ అది. (కంపెనీలు కుమ్మక్కయితే అక్కచెల్లెళ్లని పేరు పెట్టారు చూడండి. అన్నదమ్ములని పెట్టకూడదా?) ముంబయిలో బర్మా షెల్, స్టాన్‌వాక్ రిఫైనరీలు అంతకుముందే వచ్చాయి. మూడిటితోనూ మన ప్రభుత్వం చేసుకున్న ఒప్పందాల్లో ఒక మెలిక ఉంది. ముడిచమురు ఎక్కడ్నుంచి తెచ్చుకోవాలన్నది కంపెనీ ఇష్టం. అంటే షావుకారు మిల్లులోకి షావుకారు ధాన్యమే రావాలి.

1960లో రష్యా వాళ్లు మనకి తక్కువ ధరకి ముడిచమురు ఇస్తామన్నారు. పైగా డాలర్లు అక్కర్లేదు, రూపాయల్లో కట్టొచ్చు. విదేశీ మారకం కోసం దేశం అల్లాడుతున్న రోజులవి. అప్పటి మంత్రి కేశవదేవ్ మాలవీయ ఈ చమురుని మీ రిఫైనరీల్లో శుద్ధి చెయ్యండని మూడు కంపెనీల్నీ అడిగారు. ముగ్గురూ కుదరదన్నారు. మన నేల మీద ఉన్న మిల్లు, మన జనం వాడే చమురు, ధర తక్కువ - అయినా కుదరదు. తమాషా ఏమిటంటే కుదరదన్నవాళ్లే ఆ తర్వాత తమ చమురు మీద కాస్త తగ్గింపు ఇచ్చారు. అంతవరకు కదలనే కదలదన్న ధర కదిలింది. పక్కవీధిలో కూరగాయల బండి వచ్చిందని తెలిస్తే మన బండివాడు కొసరు వెయ్యడూ, అలాగ. ప్రభుత్వం అప్పటికే పెట్టిన ఇండియన్ ఆయిల్ ద్వారా రష్యా నుంచి శుద్ధిచేసిన కిరోసిన్, డీజిల్ తెప్పించుకుంది. మన అమ్మమ్మల లాంతర్లలో ఆ కిరోసిన్ కూడా కొంత వెలిగే ఉంటుంది.

కాల్‌టెక్స్‌ని ప్రభుత్వం 1976లో తీసుకుంది. 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. ఇంధన భద్రత అంటే పెద్ద పెద్ద యుద్ధనౌకలు, సైన్యాలు గుర్తొస్తాయి గానీ మిల్లు ఎవరిది, అందులో ఎవరి ధాన్యం మరాడించొచ్చు అన్నది కూడా భద్రతే. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక మన దేశపు రిఫైనరీలు తగ్గింపు ధర మీద రష్యా చమురు ఓడలకి ఓడలు కొన్నాయి. ఈసారి కుదరదనడానికి మిల్లులు మనవి. అయితే ఎడిత్ పెన్‌రోజ్ ఉంటే ఇంకో ప్రశ్న కూడా వేసేది. ఆ తగ్గింపు ఎక్కడ నిలిచిపోయింది? రిఫైనరీ దగ్గరా, ప్రభుత్వ పన్నుల్లోనా, బంకు దగ్గరా, స్కూటర్‌లో పెట్రోలు పోయించుకునే మన దగ్గరా? ముడిచమురులో నూటికి ఎనభై పాళ్లకు పైగా బయట్నుంచి తెచ్చుకునే దేశంలో ఈ ప్రశ్న పాతబడదు. పాత పోస్టెడ్ ప్రైసులు ఎప్పుడో పోయాయి. కానీ మన గ్యాస్ బండ లెక్క సౌదీ అరామ్‌కో నెలనెలా ప్రకటించే కాంట్రాక్టు ధర నుంచే మొదలవుతుంది. దానికి ఓడ కిరాయి, బీమా, డీలరు కమిషను, పన్ను కలిసి మన గుమ్మం దాకా వస్తుంది. ఎంత కలిసిందో అడిగి తెలుసుకునే ఓపిక మాత్రం మనకుండాలి.

1973 అక్టోబర్‌లో అరబ్బు-ఇజ్రాయెల్ యుద్ధం వచ్చింది. సౌదీ చమురు ప్రకటిత ధర బ్యారెల్ 3.01 డాలర్ల నుంచి 5.11కి, 1974 జనవరి 1కి 11.65 డాలర్లకి ఎగబాకింది. మూడు నెలల్లో నాలుగింతలు దగ్గర దగ్గర. ప్రపంచమంతా చమురు అయిపోతోందని గగ్గోలు. ఎడిత్ 1975లో డీడలస్ పత్రికలో ఆ సంక్షోభం ఎలా పెరిగిందో వివరిస్తూ రాసింది. భూమిలో చమురు ఎండిపోలేదు, ధర పెట్టే కలం కంపెనీల చేతిలోంచి ప్రభుత్వాల చేతిలోకి మారింది, అది కూడా ఒక్కరోజులో కాదు - ఇదీ ఆవిడ దృష్టి. గుమాస్తా మారాడు, బోర్డు అలాగే ఉంది. రూపాయి ఆదాయం లేని పల్లెల్లో కూడా కిరోసిన్ కోసం క్యూలు కట్టిన మన దేశానికి ఆ మార్పు వల్ల సుఖమేమీ కలగలేదన్నది వేరే సంగతి.

1978లో ఆవిడ లండన్ ఉద్యోగం నుంచి రిటైరైంది. ఆ ఏడాదే ఇరాక్ మీద భార్యాభర్తలు కలిసి రాసిన లావుపాటి పుస్తకం వచ్చింది. దాని అట్ట మీద 'ఎడిత్ అండ్ ఇ.ఎఫ్. పెన్‌రోజ్' అని ఉంటుంది. ఆవిడ పేరే ముందు. ఈ చిన్న ముక్క చూసి నేను ఎందుకంత మురిసిపోయానో ఈ పేజీ చదివే వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

అరవై మూడేళ్లు దాటిన మనిషి ఇక మనవల్ని ఆడించుకుంటుందనుకుంటాం. ఆవిడ ఫ్రాన్స్‌లో ఫాంటెన్‌బ్లోలోని ఇన్‌సీడ్ అనే బిజినెస్ స్కూల్లో ప్రొఫెసర్‌గా చేరింది. రకరకాల దేశాల కంపెనీ మేనేజర్లకి పాఠం చెప్పింది. పరిశోధన వ్యవహారాలకి అసోసియేట్ డీన్‌గా కూడా చేసింది. 1984లో పెన్ పోయాక ఇంగ్లండ్‌కి తిరిగొచ్చి కేంబ్రిడ్జి పక్కన వాటర్‌బీచ్ అనే పల్లెలో ఉండిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆవిడ పాత పుస్తకానికి కొత్త ప్రాణం వచ్చింది. కంపెనీ అంటే దాని చేతిలో ఉన్న వనరులూ నేర్పూ అన్న మాటని 1980లలో బిజినెస్ పండితులు కొత్త సిద్ధాంతంగా పైకెత్తుకున్నారు. వెనక్కి తిరిగి చూస్తే అది పాతికేళ్ల కిందటే ఒకావిడ రాసిపెట్టి ఉంది. కంపెనీ పెరుగుదల మీది ఆ పుస్తకం 1995లో మూడోసారి అచ్చుకెళ్లింది. ఎనభయ్యేళ్ల వయసులో ఆవిడే దానికి కొత్త ముందుమాట రాసింది. మరుసటి ఏడాది, 1996 అక్టోబర్ 11న వాటర్‌బీచ్‌లో కన్నుమూసింది.